డబ్బు రావడానికి పిన్ ఎందుకు?

‘మీకు 5,000 రూపాయలు వచ్చాయి, పిన్ కొట్టి తీసుకోండి’ అని అమ్మ ఫోన్‌కి మెసేజ్ వస్తే, ఆమెను ఆపాల్సింది మీరే. యూపీఐలో డబ్బు పంపడానికి సాధారణంగా పిన్ కావాలి, నిల్వ చూసుకోవడానికీ కావాలి. మన ఖాతాలో పడడానికి మాత్రం అక్కర్లేదు. ఇలాంటి మెసేజ్ నమ్మి పిన్ కొట్టడమంటే ‘నా డబ్బు తీసి పంపు’ అని బ్యాంకుకు అనుమతి ఇవ్వడమే.

ఒకవేళ డబ్బు పోయిందా? తిడతారని దాచొద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ఎందుకంత తొందర? దొంగలు ఆ సొమ్మును నిమిషాల్లో ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు దాటించి, ఏటీఎంలో తీసేసుకుంటారు. ఫిర్యాదు ముందే అందితే, పోలీసులు, బ్యాంకులు జాడ పట్టి, ఇంకా ఖాతాల్లో మిగిలున్నదాన్ని కదలకుండా ఆపగలరు. నోట్లుగా చేతులు మారాక రాబట్టడం చాలా కష్టం. ఫోన్ చేసేటప్పుడు లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. దొంగలు పంపిన మెసేజ్ చెరిపేయొద్దు.