85 సార్లు ‘వద్దు’ అన్నారు... 86వసారి పుస్తకమైంది!

పరీక్ష రాశారు, ఫలితాల్లో నంబరు లేదు. ఇంటర్వ్యూకి వెళ్లారు, ‘కబురు చేస్తాం’ అన్నారు, ఆ కబురు రాలేదు. నాలుగోసారో ఐదోసారో ఇలా జరిగాక ఎవరికైనా ఒక అనుమానం మొదలవుతుంది. ‘లోపం నాలోనే ఉందేమో, ఇక వదిలేద్దామా?’ అని. మీకూ ఆ అనుమానం వచ్చిందా? అయితే స్టీవ్ బెర్రీ సంగతి తెలుసుకోవాల్సిందే. 12 ఏళ్లలో ఆయనకు ‘మీ నవల మాకు వద్దు’ అన్న జవాబు ఏకంగా 85 సార్లు వచ్చింది.

చరిత్రలో తేలకుండా మిగిలిపోయిన రహస్యాల చుట్టూ ఉత్కంఠభరితమైన నవలలు అల్లే అమెరికన్ రచయిత బెర్రీ. ఆయన పుస్తకాలు 40కి పైగా భాషల్లోకి వెళ్లాయి. రెండున్నర కోట్లకు పైగా కాపీలు అచ్చయ్యాయి. ఇది విని ‘పట్టు వదలని విక్రమార్కుడు’ అనేసి పేజీ తిప్పేయొద్దు. పట్టుదల ఒక్కటే ఉంటే 85 కాస్తా 185 అయ్యేది. ఆ 12 ఏళ్లూ ఆయన ఏం చేశారన్నదే మనకు పనికొచ్చే విషయం.

నల్లకోటు విప్పలేదు
బెర్రీ 1955లో అట్లాంటాలో పుట్టారు. జార్జియా రాష్ట్రంలోని మెర్సర్ విశ్వవిద్యాలయంలో లా చదివారు. అదే రాష్ట్రంలో సెయింట్ మేరీస్ అనే చిన్న ఊళ్లో ప్రాక్టీసు పెట్టారు. విడాకుల కేసులు, క్రిమినల్ కేసులు... ఇలా సుమారు 30 ఏళ్లు కోర్టుల్లోనే గడిపారు. అందులో 14 ఏళ్లు స్థానికంగా ఎన్నికైన పదవుల్లోనూ ఉన్నారు. అంటే తీరిక లేని మనిషి.

నవల రాయాలన్న కోరిక ఎప్పటి నుంచో మనసులో ఉన్నా, కాగితం మీద కలం పెట్టింది మాత్రం 1990లో. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు. సాహిత్యంలో డిగ్రీ లేదు, ప్రచురణ రంగంలో తెలిసినవాళ్లు లేరు. అయినా ప్రాక్టీసు మానేసి రచన మీద కూర్చోలేదు. పొద్దున్నే, ఆఫీసులో క్లయింట్ల రాక మొదలవకముందే రాసుకునేవారు. ఆ తర్వాత రోజంతా మామూలు లాయరే.

‘ఉద్యోగం చేస్తూ ప్రిపేరవ్వాలా, మానేసి పూర్తిగా దాని మీదే కూర్చోవాలా?’ మనలో చాలామందిని తినేసే ప్రశ్న ఇది. అందరికీ ఒకే జవాబు ఉండదు. బెర్రీ విషయంలో మాత్రం లాయరు పని ఆయనకు 12 ఏళ్ల గడువు ఇచ్చింది. ‘వద్దు’ అన్న ఉత్తరం వచ్చినప్పుడు మనసు నొచ్చుకునేదేమో కానీ, ఇల్లు గడవడం ఆగలేదు. చేతిలో జీతం లేకపోతే మూడో ఏడో నాలుగో ఏడో ఆయన కథ ముగిసిపోయి ఉండేది.

రాశారు... నేర్చుకున్నారు
మొదట రాసిన నవల వెలుగు చూడలేదు. తర్వాత రాసింది కూడా అంతే. తన రాత ఇంకా పక్వానికి రాలేదని ఆయనకు అర్థమైంది. పక్కనే ఫ్లోరిడా రాష్ట్రంలో ఉన్న జాక్సన్‌విల్‌లో ఒక రచయితల బృందంలో చేరారు. అక్కడ రాసింది పదిమంది ముందూ పెట్టాలి. ఎక్కడ బోరు కొట్టిందో, ఏ పాత్ర నమ్మబుద్ధి కావట్లేదో మొహం మీదే చెప్పేస్తారు. కోర్టులో వాదించి గెలిచే లాయరు, ఇక్కడ ఎదురు వాదించకుండా విని, ఇంటికెళ్లి దిద్దుకోవాలి. కొన్నేళ్లపాటు ఆయన ఆ పనే చేశారు.

మొత్తం ఐదు నవలలు న్యూయార్క్ ప్రచురణ సంస్థల చుట్టూ తిరిగాయి. అన్నీ కలిపి 85 తిరస్కరణలు. గమనించాల్సింది ఏంటంటే, ఒకే నవలను 85 చోట్లకు పంపి చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఒకటి వెనక్కి వచ్చాక ఇంకోటి రాశారు. మార్చని రెజ్యుమెనే వంద కంపెనీలకు పంపి ‘ఎవరూ పిలవట్లేదు’ అనుకోవడానికీ, ప్రతి ఇంటర్వ్యూ తర్వాత ఒక లోపం దిద్దుకుని ముందుకెళ్లడానికీ ఉన్న తేడా ఇదే.

కాలం కూడా కలిసి రావాలి
ఇక్కడో నిజం ఒప్పుకోవాలి. ఆ 85 తిరస్కరణలకూ కారణం బెర్రీ రాత ఒక్కటే కాదు. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది. అమెరికా, రష్యా గూఢచారుల ఎత్తులు పైఎత్తులతో నడిచే అంతర్జాతీయ థ్రిల్లర్లకు గిరాకీ తగ్గింది. అలాంటి పుస్తకాలంటే పబ్లిషర్లు వెనకాడే రోజుల్లోనే ఈయన రాయడం మొదలెట్టారు. అంటే మార్కెట్ డౌన్‌లో ఉన్నప్పుడు కోర్సు పూర్తిచేసిన విద్యార్థి పరిస్థితి!

2002లో బ్యాలంటైన్ బుక్స్ సంస్థ ఆయన నవలను తీసుకుంది. మరుసటి ఏడాది డాన్ బ్రౌన్ రాసిన ‘ది డావిన్చి కోడ్’ వచ్చి ప్రపంచాన్ని ఊపేసింది. చరిత్ర, రహస్యం, వేట కలిసిన నవలల కోసం పాఠకులు ఎగబడ్డారు. అదే 2003లో బెర్రీ తొలి నవల ‘ది యాంబర్ రూమ్’ దుకాణాల్లోకి వచ్చింది. అదృష్టమే అనండి. కానీ ఆ గాలి వీచిన రోజున ఆయన కొత్తగా రాయడం మొదలుపెట్టాల్సిన పని లేకపోయింది. సరుకు చేతిలో సిద్ధంగా ఉంది. మార్కెట్ ఎప్పుడు మారుతుందో మన చేతిలో లేదు. మారే రోజుకి సిద్ధంగా ఉండటం మాత్రం మన చేతిలోనే ఉంది.

మాయమైన గది
ఆ నవలకు మూలం ఒక నిజమైన గది. యాంబర్ అంటే కోట్ల ఏళ్ల కిందటి చెట్ల జిగురు గట్టిపడి రాయిలా మారిన పదార్థం. దాని పలకలతో అలంకరించిన గదిని 1716లో ప్రష్యా రాజు రష్యా చక్రవర్తి పీటర్‌కు కానుకగా ఇచ్చాడు. తర్వాత అది సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గరి కేథరిన్ ప్యాలెస్‌లో చేరింది. 1941లో నాజీ సైన్యం ఆ పలకలను ఊడదీసి కోనిగ్స్‌బర్గ్‌కు తరలించింది. 1945 తర్వాత అవి ఏమయ్యాయో తేలలేదు. ఆ గది గురించి టీవీలో వచ్చిన ఒక డాక్యుమెంటరీ బెర్రీకి కథాబీజం ఇచ్చింది.

మరి ఆ నవలలో ముఖ్యపాత్రలు ఎవరు? అట్లాంటాలో ఒక మహిళా న్యాయమూర్తి, ఆమె నుంచి విడిపోయిన లాయరు భర్త. రెండో నవల ‘ది రోమనోవ్ ప్రాఫెసీ’లో కథానాయకుడు కూడా అట్లాంటా లాయరే. 2006లో ‘ది టెంప్లార్ లెగసీ’తో పాఠకులకు పరిచయమై, ఆయన సిరీస్‌కే హీరోగా నిలిచిన కాటన్ మలోన్ ఎవరనుకున్నారు? అమెరికా న్యాయశాఖలో లాయరుగా, ఏజెంటుగా పనిచేసి రిటైరై, డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో పాత పుస్తకాల షాపు నడుపుకునే మనిషి. చూశారా, విడాకుల కేసుల్లో గడిచిన ఏళ్లు వృథా పోలేదు. ‘నా చదువుకూ ఈ ఉద్యోగానికీ సంబంధం లేదు’ అని మీరు బాధపడుతున్న పని కూడా రేపు ఎక్కడ అక్కరకొస్తుందో ఇవాళ చెప్పలేం.

నిజమెంత, కల్పనెంత?
బెర్రీ నవల చివర ‘రచయిత మాట’ ఒకటి ఉంటుంది. కథలో ఏది చరిత్ర, ఏది తను కల్పించింది అన్నది అందులో విడమరిచి చెప్పేస్తారు. ఇందుకోసం ఒక్కో నవలకు వందల పుస్తకాలు, పత్రాలు తిరగేస్తారు. కథ నడిచే ఊళ్లకు స్వయంగా వెళ్లి చూస్తారు. పాఠకుడు ఆయన్ను నమ్మడానికి ఈ నిజాయతీ ఒక పెద్ద కారణం.

పాత పత్రాలు, కట్టడాలు బతికుంటేనే తన నవలలకు ముడిసరుకు అని ఆయనకు తెలుసు. అందుకే 2009లో భార్య ఎలిజబెత్‌తో కలిసి ‘హిస్టరీ మ్యాటర్స్’ అనే సంస్థ పెట్టారు. వాళ్లు ఊరూరా తిరిగి రచన మీద వర్క్‌షాపులు నడుపుతారు. వచ్చినవాళ్లు కట్టే సొమ్ము ఆ ఊళ్లోని చారిత్రక సంపదను కాపాడే పనికి వెళ్తుంది. ఒకప్పుడు తను పదిమంది మధ్య కూర్చుని నేర్చుకున్నదాన్ని ఇలా తిరిగి పంచుతున్నారన్నమాట.

మీ నోట్‌బుక్‌లో ఇవి రాసుకోండి
* పెద్ద లక్ష్యం పెట్టుకున్నప్పుడు, అంతకాలం ఇల్లు గడిచే దారి కూడా ముందే చూసుకోండి. చిన్న ఉద్యోగమైనా అది మీకు సమయాన్ని ఇస్తుంది.
* రోజులో ఒక సమయం దానికే కేటాయించండి. గంటైనా చాలు, కానీ ఆ గంట తప్పకూడదు.
* మీ తప్పులు మొహమాటం లేకుండా చెప్పే నలుగురిని వెతుక్కోండి. మాక్ ఇంటర్వ్యూ చేసే సీనియర్ అయినా, జవాబు పత్రం దిద్దే లెక్చరర్ అయినా సరే.
* తిరస్కరణ వచ్చిన ప్రతిసారీ రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇందులో నా లోపం ఎంత? పరిస్థితుల ప్రభావం ఎంత? మొదటిది దిద్దుకోండి, రెండోదానికి మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు.

85వ ఉత్తరం అందుకున్న రోజున, తర్వాతి జవాబు ‘సరే’ అని వస్తుందని బెర్రీకి తెలియదు. ఎప్పటిలాగే మర్నాడు పొద్దున్నే వెళ్లి రాసుకోవడానికి కూర్చున్నారు. మీకు ఈ వారం ఏ జవాబు వచ్చినా సరే, రేపు పొద్దున్న మీ గంట మీకు ఉంది కదా!