ట్రాక్టర్ డీజిల్ ట్యాంకు కారుతోందా? అతుకు కంటే మార్పిడే మేలు

కరిగెట పని జోరు మీదున్నప్పుడు బండి లాగక ఆగిపోతే రైతుకు ఎంత నష్టమో చెప్పనక్కరలేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో చిన్న రైతులు కొనేవి ఎక్కువగా సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్లే. ఇంజను, టైర్లు చూసి బేరం చేస్తారు. డీజిల్ ట్యాంకు మూత తీసి లోపలికి చూసేవారు తక్కువ. ఫిల్టర్లు మార్చినా, నాజిళ్లు సర్వీసు చేయించినా పది రోజులకే మళ్లీ అదే తంటా వస్తే, రోగం ట్యాంకులో ఉందేమో చూడాలి.

జంగు లోపలి నుంచే

యాసంగి పని కాగానే బండిని సగం ట్యాంకుతో చెట్టు కింద పెడతాం. ట్యాంకులో ఖాళీగా ఉన్న చోట గాలిలోని తేమ రాత్రి చల్లదనానికి రేకుకు చెమ్మలా పడుతుంది. నీరు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుక్కు దిగి అక్కడే నిలుస్తుంది. మూత ప్యాకింగ్ పోతే వాన నీళ్లూ తోడవుతాయి. అందుకే ట్యాంకు అడుగు, మూలలు, అతుకుల దగ్గర ముందుగా జంగు పడుతుంది. పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల రేకు కాగితంలా పలచబడుతుంది. ఆ పొట్టే ఫిల్టర్లకు అడ్డం పడుతుంది. నీరు, సన్నటి పొడి పంపు దాకా పోతే ఖర్చు ట్యాంకు ధరతో ఆగదు.

సెకనుకు ఒక్క చుక్క కారినా రోజుకు రెండు లీటర్లకు పైగానే పోతుంది. చాలా పాత బండ్లలో ట్యాంకు బోనెట్ కింద ఇంజనుకు దగ్గరగా ఉంటుంది. కారిన డీజిల్ కాలిన సైలెన్సర్ మీద పడితే మంటలు లేస్తాయి.

వెల్డింగ్‌తో ప్రాణాపాయం

డీజిల్ పెట్రోలులా అంటుకోదు కదా అని ట్యాంకును నేరుగా వెల్డింగ్ షెడ్డుకు తీసుకుపోతుంటారు. ఇది చాలా ప్రమాదం. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ఎక్కువ భయం. అడుగున మిగిలిన జిడ్డు మంట వేడికి ఆవిరై, మూసిన డబ్బాలో బాంబులా పేలుతుంది. సర్ఫు నీళ్లతో ఒకసారి కడిగితే సరిపోదు. పెట్రోలుతో అసలే కడగొద్దు. పొలం నుంచి ఇల్లు చేరడానికి చిల్లు మీద సబ్బు రుద్దవచ్చు, ఎం-సీల్ పెట్టవచ్చు. అంతకు మించి వాటిని నమ్మొద్దు. లోపల కంకర వేసి ఊపి జంగు రాల్చే పద్ధతి ఉంది గానీ, రేకు పలచబడితే కొత్త చిల్లులు బయటపడతాయి.

కొత్తది బిగించేటప్పుడు

బండి మోడల్ చెప్పి దానికి సరిపోయే ట్యాంకే తీసుకోండి. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల తయారీ 2016లో ఆగిపోయింది కాబట్టి ఆ బండి ఉన్నవారు విడిభాగాల కోసం కొంత తిరగక తప్పదు. పాత ఇనుప సామాను కొట్లో చవగ్గా దొరికిందని మరో జంగు ట్యాంకు తెచ్చుకోవద్దు. జింకు పూత రేకుతో చేయించడమూ మంచిది కాదు, డీజిల్‌కు జింకు పడదు.

ముందు బ్యాటరీ వైరు తీసేయాలి. ఇంజను చల్లారాక డీజిల్ శుభ్రమైన డబ్బాలోకి వంచుకుని, ఫిల్టర్‌కు పోయే పైపు, తిరిగి వచ్చే రిటర్న్ పైపు గుర్తు పెట్టుకుని విప్పాలి. కొత్త ట్యాంకులోనూ దుమ్ము, ఇనుప రజను ఉంటాయి. కొద్దిగా డీజిల్ పోసి కడిగి పారబోయండి. ట్యాంకు కింద రబ్బరు ముక్కలు కొత్తవి వేయాలి, లేకుంటే అదురుకు రేకు అరుగుతుంది. పట్టీలు మరీ బిగించొద్దు. మూతకుండే గాలి రంధ్రం మూసుకుపోతే బండి కాసేపు నడిచి ఆగిపోతుంది, అదీ చూసుకోండి. ఫిల్టర్లు ఎలాగూ మార్చాల్సిందే.

ఆ తర్వాత గాలి తీయాలి. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు చేతి లివరు కొడుతూ బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా ఆగి బిగించాలి. పెద్ద పంపు దగ్గరా ఇదే పని. నాజిల్ పైపుల దగ్గర మాత్రం వేలు అడ్డం పెట్టొద్దు, ఆ వత్తిడికి డీజిల్ చర్మంలోకి దిగుతుంది.

రోజూ పని కాగానే సాయంత్రమే ట్యాంకు నింపితే చెమ్మకు చోటుండదు. డబ్బాలో తెచ్చిన డీజిల్ సన్నటి జాలీతో వడగట్టి పోయండి. తీసేసిన పాత ట్యాంకును తొట్టి చేద్దామని గ్యాస్ కట్టరుతో కోయించొద్దు, అదీ పేలుతుంది.