నారుమడిలో ఊద: పోలిక వీడు చోటు

సికిందరాబాదు చుట్టుపట్ల చెఱువుల క్రిందను బావుల క్రిందను వరి పండించు కర్షకులకు ఊదను గూర్చి క్రొత్తగా చెప్పవలసినది లేదు. గొలుసు వెడలిన పిమ్మట దానిని బాలుఁడైనను గుర్తింపఁగలఁడు. కాని అప్పటికది పైరునకు వేసిన ఎరువులో పాలు పుచ్చుకొని, గింజ రాల్చుటకు సిద్ధమై యుండును. నష్టము నారుమడియందే ఆరంభమగుచున్నది. నారుకట్టలలో చేరిన ఊదమొక్కను మనమే కూలి యిచ్చి నాటించుచున్నాము. కావున నారుదశలో దానిని గుర్తించు విధము నిచ్చట వివరించుచున్నాము.

ఆకు రంగును, వెడల్పును నమ్మరాదు. ఆకు తన తొడుగును విడిచి వంగు చోటును చూడవలెను. వరియందు అచ్చట తెల్లని పలుచని పొర నాలుకవలె నిలిచియుండును. దాని కిరుప్రక్కల నూగుగల చిన్న చెవులుండును. ఊదకు నాలుకయు లేదు, చెవులును లేవు. ముదురాకునకు చెవులు రాలిపోవచ్చును గనుక లేఁతయాకునే పరీక్షింపవలెను. అడవివరికి మాత్రము ఈ గుర్తు పనికిరాదు. అదియు వరిజాతిదే యగుటచే దానికిని నాలుక యుండును.

ఊదలోను రెండు తెగలు ముఖ్యములు. శాస్త్రజ్ఞులు ఎఖినోక్లోవా కొలోనా యనునది చిన్నది. దాని కంకి రెమ్మలు పొట్టివి, గింజలు మీసములు లేక వరుసలు తీరియుండును. ఎఖినోక్లోవా క్రస్‌గల్లి యనునది ఎత్తుగా పెరుగును. గింజలకు తఱచు మీసములుండును. చిన్నదాని మొలక నిలువనీటికి త్వరగా లొంగును. పెద్దది నీటికి అంతగా వెఱవదు. దానిని చేతితో తీయవలసినదే. గతపంటలో ఏ కంకి కనఁబడెనో జ్ఞాపకముంచుకొన్నవానికి ఈ పంటకు ఉపాయము తోఁచును.

ఈ పోలిక యెట్లు కలిగెను? కలుపుమొక్కలు పైరును పోలివచ్చుటను రష్యా శాస్త్రజ్ఞుఁడు వావిలోవ్ గమనించెను. 2019లో చైనా శాస్త్రజ్ఞులు యాంగ్‌ట్జీ నదీప్రాంతపు ఊదను పరిశోధించి, అది సుమారు 1000 సంవత్సరముల క్రిందటినుండి వరివలె నిటారుగా మాఱినదనియు, కలుపు తీయు చేతులే దానికి కారణమనియు తేల్చిరి. వేఱుగా కనఁబడినదానిని కర్షకుఁడు పెఱికెను. పోలినది మిగిలి గింజ రాల్చెను. అనఁగా, పైనుండి చూచు కంటిని మోసగించుట ఆ మొక్కకు అలవడినది. ఆకు వంగు చోట మాత్రము దాని గుట్టు దాఁగలేదు.

కావున సభ్యులు నారు పీకు దినమున పనివారికి ముందుగా ఒక వరిమొక్కను, ఒక ఊదమొక్కను చేతికిచ్చి, ఈ భేదమును చూపవలెనని కోరుచున్నాము. ఇందునకు పట్టు కాలము గడియలోపలనే, ఖర్చేమియు లేదు.