కంపెనీకి గిట్టుబాటు కాని చోట విశ్వవిద్యాలయం పని

విశ్వవిద్యాలయాల సామాజిక బాధ్యత అనగానే ఎన్‌ఎస్‌ఎస్ శిబిరాలు, మొక్కలు నాటడాలు, రక్తదానాలు గుర్తొస్తాయి. అవన్నీ మంచి పనులే. కానీ వాటికి విశ్వవిద్యాలయమే అక్కర్లేదు, ఊళ్లో యువజన సంఘం ఉన్నా జరిగిపోతాయి. ప్రజల సొమ్ముతో నడిచే విశ్వవిద్యాలయం చేయకపోతే ఇంకెవరూ చేయని పని ఏమిటన్నదే అసలు ప్రశ్న. జవాబు కోసం దూరం వెళ్లనక్కర్లేదు, మనం రోజూ తినే బీపీటీ బియ్యం సంగతి చూస్తే చాలు.

బీపీటీ 5204 అనే సాంబ మసూరి 1986లో బాపట్ల నుంచి విడుదలైంది. అంతకు కొన్నేళ్ల ముందే పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు నుంచి ఎంటీయూ 7029 వచ్చింది. అదే స్వర్ణ. ఈ రెండూ అప్పటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన కేంద్రాల్లో పుట్టినవే. సాంబ మసూరి సన్నగింజతో, వండితే పొడిపొడిగా వచ్చే అన్నంతో దక్షిణాది మార్కెట్‌ను గెలుచుకుంది. స్వర్ణ ఒడిశా, బెంగాల్ వైపు పొలాలకూ పాకింది. ఒక విశ్వవిద్యాలయం పని ఇన్ని కోట్లమంది కంచాల్లోకి చేరడం అరుదు.

ఇంత గిరాకీ ఉన్న పనిని ప్రైవేటు కంపెనీలు ముందే ఎందుకు అందుకోలేదు? కారణం వరి పువ్వులోనే ఉంది. వరిలో ఒకే పువ్వు తనను తానే ఫలదీకరించుకుంటుంది. అందుకే ఈ ఏడు పండిన గింజను దాచి వచ్చే ఏడు చల్లినా దాదాపు అదే పంట వస్తుంది. రైతు ఒకసారి విత్తనం కొంటే కొన్నేళ్లు వాడుకోగలడు, పక్కింటివాళ్లకూ ఇవ్వగలడు. 2001 నాటి మొక్కల రకాల రక్షణ చట్టం కూడా ఈ హక్కును గుర్తించింది. మొక్కజొన్న, పత్తి హైబ్రిడ్లు అలా కాదు, ఏటా కొత్త విత్తనం కొనాల్సిందే. కాబట్టి కంపెనీల పెట్టుబడి ఎక్కువగా హైబ్రిడ్ల వైపే వెళ్తుంది. బీపీటీ విత్తనాన్ని పెంచి అమ్మే కంపెనీలు చాలానే ఉన్నాయి. అలాంటి రకాన్ని కొత్తగా తయారుచేయడానికి పదేళ్లు ఖర్చుపెట్టే కంపెనీలు మాత్రం తక్కువ. వ్యాపారపరంగా అది తప్పు కాదు, లెక్క కుదరదు అంతే. లెక్క కుదరక మిగిలిపోయిన ఆ చోటే విశ్వవిద్యాలయం బాధ్యత.

ఆ పదేళ్లలో ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూద్దాం. తల్లిగా ఎంచుకున్న మొక్క వెన్ను బయటికి రాగానే, సాయంత్రం పూట ఒక్కో పువ్వు కొనను కత్తెరతో కత్తిరిస్తారు. లోపలున్న ఆరు కేసరాలను సన్నటి పట్టకారుతో తీసేస్తారు. ఒక్కటి మిగిలినా పువ్వు సొంత పుప్పొడితోనే గింజ కడుతుంది, శ్రమంతా వృథా. వెన్నుకు బటర్ పేపర్ సంచి తొడిగి, మర్నాడు పొద్దున తండ్రి మొక్క వెన్నును ఆ తల్లి వెన్నుమీద దులుపుతారు. అలా వచ్చిన కొద్దిపాటి గింజల నుంచి రెండో తరానికి వేల మొక్కలు వస్తాయి. ఒక్కో మొక్క ఒక్కో తీరుగా ఉంటుంది. వాటిలోంచి ఏరుతూ, మళ్లీ నాటుతూ ఐదారు తరాలు గడిపితేగాని గుణాలు స్థిరపడవు. ఆ తర్వాత వేర్వేరు నేలల్లో పరీక్షలు, రైతుల పొలాల్లో మినికిట్లు అనే చిన్న విత్తన సంచులతో ప్రయత్నాలు, చివరికి విడుదల. అక్కడి నుంచి బ్రీడర్ విత్తనం, ఫౌండేషన్ విత్తనం, సర్టిఫైడ్ విత్తనం దశలు దాటాకే రైతు చేతికి సంచి అందుతుంది.

రకం తయారైతే సగం పనే. అది రైతుకు చేరాలి, రైతు ఇబ్బంది తిరిగి శాస్త్రవేత్తకు చేరాలి. అమెరికాలో 1862లో భూముల కేటాయింపుతో మొదలైన ప్రజా విశ్వవిద్యాలయాలకు, 1914 చట్టంతో ఊళ్లకు వెళ్లి చెప్పే బాధ్యత కూడా తోడైంది. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే కప్పు కింద ఉండాలన్న ఆ నమూనాలోనే 1964లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో మొదటి కృషి విజ్ఞాన కేంద్రం 1974లో పుదుచ్చేరిలో మొదలైంది. ఇప్పుడు జిల్లాల్లో కేవీకేలు, ఏరువాక కేంద్రాలు ఆ పనే చేస్తున్నాయి.

ఈ మూడో పని, అంటే విస్తరణ విలువ, పురుగో తెగులో వచ్చినప్పుడు బాగా తెలుస్తుంది. 2021లో గుంటూరు నుంచి ఖమ్మం దాకా మిర్చి తోటల మీద కొత్త రకం తామర పురుగు పడింది. రైతులు దాన్ని నల్లతామర అన్నారు. పూతలో చేరి పిందె కట్టనివ్వలేదు. అలాంటి సమయంలో రైతు ముడుచుకున్న ఆకునో, రాలిన పూతనో పట్టుకుని ముందుగా వెళ్లేది మందుల దుకాణానికి. రోగం చెప్పేదీ మందు అమ్మేదీ ఒకరే అయితే సలహా ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? కనిపించిన మందల్లా కలిపి కొట్టొద్దు, నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి, నత్రజని తగ్గించండి అని చెప్పగలిగేది అమ్మకంతో సంబంధం లేనివాళ్లే. ఆ స్వతంత్రమైన మాట కోసం కూడా సమాజం విశ్వవిద్యాలయాన్ని పోషిస్తోంది.

పొలం నుంచి వెనక్కి వచ్చే మాటకూ అంతే విలువ. సాంబ మసూరి రుచికి పేరుపడ్డా పంటకాలం దాదాపు 150 రోజులు. గాలివానకు పడిపోతుంది, బాక్టీరియా ఎండాకు తెగులుకు తట్టుకోదు. రుచి చెడకుండా ఆ తెగులును తట్టుకునేలా హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి తయారుచేసిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. రాష్ట్ర విభజన తర్వాత ఏర్పడిన ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో ఆర్‌ఎన్‌ఆర్ 15048ను, అంటే తెలంగాణ సోనాను ఇచ్చింది. సన్నగింజే, కానీ దాదాపు 125 రోజుల్లో చేతికొస్తుంది. కాలువ చివరి భూముల రైతుకు, బోరు మీద ఆధారపడ్డ రైతుకు మిగిలిన ఆ మూడు నాలుగు వారాలు కొన్ని తడుల ఆదా.

అలాగని అంతా సవ్యంగా ఉందనలేం. అధ్యాపకుడి పదోన్నతికి పత్రిక వ్యాసాలు లెక్కకొచ్చినంతగా రైతు పొలంలో గడిపిన రోజులు లెక్కకు రావు. పోస్టులు ఖాళీగా ఉంటే ఉన్నవాళ్లు పాఠాలతోనే సరిపెట్టుకుంటారు, ముందుగా కోతపడేది విస్తరణకే. శిక్షణకు పిలుపు పట్టాదారుకు వెళ్తుంది. సాగు చేసే కౌలు రైతు, నాట్లు వేసి కలుపు తీసే ఆడవాళ్లు ఆ జాబితాలో తరచూ కనిపించరు. పొలంలో పనిచేసే చేతులు ఎవరివో వాళ్ల మాట వినకుండా సమాజానికి సేవ అంటే అది సగం సమాజానికే.

ఇదే కొలత మిగతా విశ్వవిద్యాలయాలకూ వర్తిస్తుంది. న్యాయ కళాశాల తన జిల్లా కోర్టులో పేదవాడి కేసు ఎందుకు ఏళ్లు పడుతోందో అధ్యయనం చేయొచ్చు. రసాయన శాస్త్ర విభాగం చుట్టుపక్కల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్షించి ఊరికి అర్థమయ్యే భాషలో చెప్పొచ్చు. ఇవి చదువుకు అదనంగా పెట్టుకునే సేవా కార్యక్రమాలు కావు, ఆ శాఖల అసలు పనే. మన దగ్గరలోని విశ్వవిద్యాలయం ర్యాంకు ఎంత అని అడగడం తేలిక. గత ఐదేళ్లలో ఎవరి సమస్యను తన ప్రయోగశాలలోకి తీసుకుంది, తేలింది వాళ్లకు తిరిగి చెప్పిందా అని కూడా అడుగుదాం. పన్ను కట్టేవాళ్లుగా అలా అడిగే హక్కు మనకుంది.