స్టోరేజ్ కంట్రోలర్ డ్రైవర్

చాలా సర్వర్లలో డిస్కులకు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు మధ్య స్టోరేజ్ కంట్రోలర్ అనే కార్డు ఉంటుంది. రెయిడ్ పద్ధతిలో డేటాను ఏయే డిస్కుల్లో రాయాలో, ఒకటి పాడైతే మిగతావాటి నుంచి దాన్ని ఎలా పునరుద్ధరించాలో అదే చూసుకుంటుంది. ఆ కార్డుతో పని చేయించుకోవడానికి ఆపరేటింగ్ సిస్టమ్ వాడే ప్రోగ్రామే డ్రైవర్. కార్డు లోపలే నడిచే ప్రోగ్రామ్ ఫర్మ్‌వేర్, అది వేరు. ఈ రెండింటి వెర్షన్లూ ఒకదానికొకటి కుదరాలి.

2019 మేలో విడుదలైన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8, పాత కంట్రోలర్లు చాలావాటికి మద్దతు తీసేసింది. ఫలితం విచిత్రంగా ఉంటుంది. కార్డు బాగుంటుంది, డిస్కులూ బాగుంటాయి, కానీ ఇన్‌స్టాలర్‌కు ఒక్క డిస్కూ కనిపించదు. చక్కగా పనిచేసే యంత్రాలు ఇలా మూలపడటం బాధాకరం. ఎల్‌రెపో అనే స్వచ్ఛంద బృందం అలా తీసేసిన డ్రైవర్లెన్నింటినో విడిగా సిద్ధం చేసి అందిస్తోంది. వాటిని ఇన్‌స్టలేషన్ మొదట్లోనే డ్రైవర్ డిస్కుగా ఇస్తే డిస్కులు కనిపిస్తాయి.

నడుస్తున్న సర్వర్‌లో డ్రైవర్ మార్చడం ఇంకా సున్నితమైన పని. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్కు కూడా అదే కంట్రోలర్ కింద ఉంటే, బూట్ మొదలైన కాసేపటికే డ్రైవర్ అవసరమవుతుంది. లినక్స్‌లో అందుకే బూట్ మొదట్లో మెమరీలోకి చేరే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌లో కూడా కొత్త డ్రైవర్ చేరాలి. చేరకపోతే రీబూట్ మధ్యలోనే ఆగిపోవచ్చు. పాత డ్రైవర్‌తో నడిచే పాత కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ కీలక భాగాన్ని) బూట్ మెనూలో ఉంచుకుంటే వెనక్కి రావచ్చు. రెయిడ్ ఉందన్న ధీమాతో బ్యాకప్ మానేయడం మాత్రం ప్రమాదం: డ్రైవర్ తప్పుగా రాసిన డేటాను రెయిడ్ అంతే శ్రద్ధగా భద్రపరుస్తుంది.