బెల్టును ఓడించే రెండున్నర మిల్లీమీటర్లు

1980లో ‘స్టర్జిస్’ మోడల్‌తో వెనక చక్రానికి పళ్ళ బెల్టు తెచ్చిన హార్లీ డేవిడ్‌సన్, 2021లో ‘పాన్ అమెరికా’ అనే అడ్వెంచర్ బండిని దింపినప్పుడు మాత్రం దానికి చైన్ పెట్టింది. బీఎండబ్ల్యూ సంగతీ అంతే. 2006 నాటి ఎఫ్800 ఎస్‌టీకి బెల్టు. రెండేళ్ళ తర్వాత దాదాపు అదే ఇంజిన్‌తో వచ్చిన ఎఫ్800 జీఎస్‌కు చైన్. బెల్టు గురించి వీళ్ళకు తెలియనిది లేదు. అయినా మట్టిదారి పట్టే బండి దగ్గరికి వచ్చేసరికి వెనక్కి తగ్గారు. చైన్ పీకేసి బెల్టు బిగించుకుందామనుకునే రైడర్లు ముందు ఆ కారణం తెలుసుకోవాలి.

బెల్టు కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. దూరప్రయాణాలు చేసేవాళ్ళకు చైన్ చాకిరీ ఎలాంటిదో తెలుసు. 500 కిలోమీటర్లకోసారి తుడవాలి, నూనె పెట్టాలి. ఆ నూనెకు దుమ్ము పట్టి గరుకు ముద్దయి స్ప్రాకెట్ పళ్ళను అరగదీస్తుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి చైన్ పొడుగవుతుంది. పట్టీలు సాగి కాదు, ప్రతి లింకులోనూ పిన్నూ బుష్షూ ఒకదానితో ఒకటి ఒరుసుకుని అరగడం వల్ల. లింకుకు 0.1 మిల్లీమీటరు అరిగినా 106 లింకుల చైన్ సెంటీమీటరుకు పైగా పెరుగుతుంది. బెల్టుకు నూనె అక్కర్లేదు, కాబట్టి దుమ్ము అంతగా అంటదు. చప్పుడూ తక్కువే.

బెల్టు బలం మీద చాలామందికి అనుమానం. మొదటి గేరులో ముందు స్ప్రాకెట్ మీద 200 న్యూటన్ మీటర్ల టార్క్ పడిందనుకుందాం. స్ప్రాకెట్ వ్యాసార్ధం 38 మిల్లీమీటర్లయితే చైన్ మీది లాగుడు అర టన్ను దాటుతుంది. పాలీయురెథేన్‌లో కార్బన్ పోగులు పొదిగిన నేటి బెల్టు, తగిన వెడల్పు ఉంటే, దీన్ని తట్టుకుంటుంది. 100 న్యూటన్ మీటర్లు దాటిన హార్లీ ఇంజిన్ల శక్తిని వెనక చక్రానికి చేర్చేది బెల్టే కదా. పళ్ళ లెక్క కూడా సులువే. 15.875 మిల్లీమీటర్ల పిచ్ (పన్నుకూ పన్నుకూ మధ్య ఎడం) ఉన్న చైన్‌కు ముందు 15, వెనక 38 పళ్ళున్నాయనుకోండి. 8 మిల్లీమీటర్ల పిచ్ బెల్టుకు 30, 76 పళ్ళ పుల్లీలు వేస్తే గేరు నిష్పత్తి మారదు, పళ్ళ చక్రాల సైజూ దాదాపు అంతే ఉంటుంది. అసలు చిక్కు సస్పెన్షన్‌తో.

వెనక చక్రాన్ని మోసే స్వింగార్మ్ ఒక ఇరుసు మీద పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఇరుసు ముందు స్ప్రాకెట్ కేంద్రంలో ఉండదు, కొంచెం వెనకగా ఉంటుంది. ఆ ఎడం 80 మిల్లీమీటర్లు, స్వింగార్మ్ పొడవు 550 అనుకుందాం. కుదుపుకు చక్రం పైకి లేచి స్ప్రాకెట్, ఇరుసు, చక్రం మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు రెండు చివరల మధ్య దూరం 630. చక్రం ఆ గీతకు 15 డిగ్రీలు కిందికి వేలాడినప్పుడు 627.6. తేడా రెండున్నర మిల్లీమీటర్ల లోపే. కానీ అది చైన్ పైవరసలోనూ కిందివరసలోనూ మిగులుతుంది కాబట్టి మొత్తం వదులు 5 మిల్లీమీటర్లకు దగ్గర. అదంతా కిందివరసకే చేరితే నడుమ మూడు సెంటీమీటర్లకు పైగా కిందికి జారుతుంది. మెకానిక్ చైన్‌ను వేలితో ఆడించి చూసి కొంత వదులు ఉంచేది ఇందుకే. బెల్టుకు ఆ వదులు పనికిరాదు. పళ్ళు పుల్లీ గాడుల్లోంచి పైకెక్కి దాటేస్తాయి. పోనీ దగ్గరగా ఉన్న స్థితిలోనే బిగిద్దామంటే, చక్రం పైకి లేచిన ప్రతిసారీ సాగని కార్బన్ పోగులు ఇంజిన్ షాఫ్టు బేరింగును లాగి పాడుచేస్తాయి. సస్పెన్షన్ ఎంత ఎక్కువ ఆడితే బాధ అంత ఎక్కువ. అడ్వెంచర్ బండి గొప్పతనమే ఆ ఆటలో ఉంది.

స్ప్రింగుతో నెట్టే చిన్న పుల్లీ ఒకటి కిందివరసకు తగిలిస్తే సరిపోదా అని తోస్తుంది. సరిపోదు. ఘాట్ దిగుతూ థ్రాటిల్ వదిలి ఇంజిన్ బ్రేకింగ్ మీద వస్తున్నప్పుడు లాగుడు కిందివరసకు మారుతుంది. అది బిగుసుకుని పుల్లీని నెట్టేస్తే వదులంతా పైవరసకు ఎక్కుతుంది. పళ్ళు జారడానికి అంతకన్నా చెడ్డ చోటు లేదు. బ్యూయెల్ కంపెనీ తన ‘యులిసిస్’ అడ్వెంచర్ బండిలో ఈ చిక్కును అందంగా విప్పింది. నడిమి పుల్లీని స్ప్రింగు లేకుండా, సస్పెన్షన్ ఎటు కదిలినా బెల్టు దారి పొడవు దాదాపు మారని చోట స్థిరంగా బిగించింది. ఇంజనీరింగ్ అంటే నాకు ఇలాంటిదే. ఇంకో దారి, ఇరుసునూ స్ప్రాకెట్‌నూ ఒకే కేంద్రం మీద పెట్టడం. బీఎండబ్ల్యూ జీ450ఎక్స్‌లో చైన్‌తోనే అలా చేశారు. తయారైపోయిన బండికి ఈ రెండో దారి కుదరదు.

ఇక రాళ్ళు. స్ప్రాకెట్ పళ్ళ మధ్య పడ్డ గులకరాయి చాలాసార్లు పక్కకు జారిపోతుంది. పుల్లీ మీద పడ్డది బెల్టు కింద నలుగుతూ పోగుల్లోకి దిగుతుంది. నాలుగు పోగులు తెగినా బెల్టు తిరుగుతూనే ఉంటుంది కానీ అక్కడి నుంచి దాని బలం తగ్గినట్టే. చైన్ తెగితే లింకు వేసి అతికించవచ్చు. బెల్టుకు అతుకు లేదు. కొత్తది ఎక్కించాలంటే చాలా బండ్లకు వెనక చక్రంతోపాటు స్వింగార్మ్‌నూ విప్పాలి.

కాబట్టి తారురోడ్డు మీదే తిరిగే, సస్పెన్షన్ తక్కువ ఆడే బండికైతే బెల్టు మార్పు చేయించుకోదగ్గదే. రాళ్ళదారి ఎక్కే బండికి మాత్రం నేను చైన్‌కే ఓటేస్తాను. అయినా చేయిద్దామనుకుంటే పుల్లీలు ఆర్డరిచ్చే ముందు స్ప్రాకెట్ కేంద్రం నుంచి స్వింగార్మ్ ఇరుసుకు ఎంత దూరమో టేపుతో కొలవండి. తర్వాత షాక్ అబ్జార్బర్ విప్పి, చక్రాన్ని చేత్తో పైనుంచి కిందిదాకా ఆడిస్తూ రెండు కేంద్రాల మధ్య దూరం ఎక్కడ ఎంత మారుతుందో రాసుకోండి. దారిలోకి స్పేర్ బెల్టు తీసుకెళ్తే మడతపెట్టకండి, వెడల్పాటి చుట్టగానే ఉంచండి. మడత పడ్డ చోట లోపలి పోగులు విరుగుతాయి, పైకి కనిపించదు.