మళ్ళీ తెరిస్తే... అడవి!

కాలేజీ రోజుల్లో చదివి అటకెక్కించిన పుస్తకాలు ఎన్నో! వాటిలో అడవుల గురించో పక్షుల గురించో రాసినవి ఒకటీ అరా ఉండే ఉంటాయి. దుమ్ము దులిపి మళ్ళీ చదవండి... ఆ రుచే వేరు. 'వనవాసి' అలాంటి పుస్తకమే.

బెంగాలీలో దీని పేరు 'ఆరణ్యక్'. 'పథేర్ పాంచాలీ' రాసిన బిభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల. 1939లో పుస్తకంగా వచ్చింది. సూరంపూడి సీతారామ్ తెలుగు చేశారు. ఇది ఊహలోంచి పుట్టిన అడవి కాదు. 1920ల్లో రచయిత బీహార్‌లోని భాగల్పూర్ వైపు ఓ ఎస్టేటులో ఉద్యోగం చేశారు. అప్పుడు చూసిన అడవీ, కలిసిన మనుషులే ఈ నవలకు ముడిసరుకు.

కథేదీ అనిపిస్తుంది!
కథానాయకుడు సత్యచరణ్ కలకత్తాలో చదువుకున్న నిరుద్యోగి. స్నేహితుడి ఎస్టేటుకు మేనేజరుగా వెళ్తాడు. పలకరించే దిక్కులేని ఆ చోటు నుంచి ఎప్పుడు బయటపడదామా అన్నట్టుంటాడు మొదట్లో. 'ఈ అడవి పట్టుకుంటే వదలదు బాబూ' అన్న ధోరణిలో చెబుతాడు అక్కడి గుమాస్తా. చివరికి అదే నిజమవుతుంది.

మలుపులేమీ లేవు. ఇరవై ఏళ్ల వయసులోనైతే వర్ణనలన్నీ గబగబా దాటేసి, 'తర్వాతేమైంది' అని పేజీలు తిప్పేస్తాం. నలభై దాటాక అదే పుస్తకం పడితే ఆ వెన్నెల రాత్రుల దగ్గరే ఆగిపోతాం. అడవి దున్నలు గోతిలో పడకుండా చెయ్యెత్తి ఆపే దేవుడు టాంఢ్‌బారో, పశువులు మేపుకునే సంతాల్ రాజు దోబ్రు పన్నా... ఒక్కొక్కరూ గుర్తుండిపోతారు. జుగల్ ప్రసాద్ అయితే మరీనూ! ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలూ విత్తనాలూ తెచ్చి సరస్వతీ కుండం ఒడ్డున నాటుతుంటాడు. ఆ నేల అతనిది కాదు, పైసా లాభం లేదు. అడవి అందంగా ఉండాలి, అంతే.

ప్రేమించినవాడి చేతుల్లోనే...
ఇంతకీ సత్యచరణ్ ఉద్యోగమేమిటి? ఆ అడవిని ముక్కలు చేసి రైతులకు కౌలుకివ్వడం! ప్రాణంగా చూసుకున్న చెట్లు తన సంతకంతోనే కూలిపోతాయి. పోనీ, నరికినవాళ్ళు దుర్మార్గులా అంటే కాదు. వరి అన్నం పండగలా భావించే నిరుపేదలు. వాళ్ళకు పొలం కావాలి. ఎవరిని తప్పుపట్టాలి? రచయిత తీర్పు చెప్పరు. సత్యచరణ్ మాత్రం వెళ్ళిపోతూ అడవి దేవతలను క్షమించమని వేడుకుంటాడు.

ఒకప్పుడు ఇదంతా ఎక్కడో బీహార్ కథ. చెట్లు కొట్టేసి లేఅవుట్లు వేసి, వాటికి వనాల పేర్లే పెట్టుకుంటున్న మనకు ఇప్పుడది సొంత కథలా తగులుతుంది. పాత పుస్తకం మారలేదు, దాన్ని చదివే మనమే మారాం.

ఒక్క సలహా. దీన్ని ఏకబిగిన చదవొద్దు. రాత్రి పడుకోబోయే ముందు పదేసి పేజీలు చాలు. అటక మీద దొరక్కపోతే దగ్గర్లోని గ్రంథాలయంలో అడిగి చూడండి.